రాయగడ, కోరాపుట్ వైపు ఉండి ఫ్యాక్టరీ ఎలక్ట్రికల్ పని ఎలా నేర్చుకోవాలి?

దక్షిణ ఒడిశాలోని రాయగడ, గుణుపురం, జయపురం, పర్లాకిమిడి తెలుగు ఇళ్లలో పదో తరగతి అయిన పిల్లల గురించి ఏటా ఒకటే మాట: ఐటీఐలో చేరితే ఉద్యోగం వస్తుందా? వస్తుంది, పని నేర్చుకుంటే. మన చుట్టూ పనికి కొదవ లేదు. రాయగడ పక్కన జేకేపూర్‌లో 1962 నుంచి కాగితం మిల్లు నడుస్తోంది. తెరువలిలో ఫెర్రో అల్లాయ్ (ఉక్కులో కలిపే మిశ్రలోహం) ఫర్నేసులున్నాయి. కాశీపూర్ వైపు ఒకటి, దామన్‌జోడిలో ఒకటి అల్యూమినా రిఫైనరీలు, సునాబేడాలో విమాన ఇంజన్ల ఫ్యాక్టరీ, ఇవి కాక మాచ్‌ఖండ్, బలిమెల, అప్పర్ కొలాబ్ జలవిద్యుత్ కేంద్రాలు. ఇంటి వైరింగ్ ఒక్కటే వస్తే ఇక్కడ చాలదు. మోటారు ఎందుకు ఆగిందో డ్రాయింగ్ చూసి చెప్పగలవాళ్లు కావాలి.

చాలామంది తొందరపడేది ఇక్కడే. మోటారుకు కరెంటు కలిపి తీసే కాంటాక్టర్ విప్పి చూడకుండానే విశాఖ వెళ్లి, వేలకు వేలు కట్టి పీఎల్‌సీ (యంత్రాలను ప్రోగ్రాంతో నడిపించే కంట్రోలర్) కోర్సులో చేరిపోతారు. పీఎల్‌సీ అవసరమే, కానీ దాని వంతు తర్వాత వస్తుంది.

ముందు: ఏ ట్రేడు, ఎక్కడ

ఐటీఐలో ఎలక్ట్రీషియన్, ఎలక్ట్రానిక్స్ మెకానిక్ రెండూ పదో తరగతి తర్వాత చేరే రెండేళ్ల కోర్సులు. మోటార్లు, ప్యానెళ్లు, ట్రాన్స్‌ఫార్మర్ల మీద ఆసక్తి ఉంటే మొదటిది. కార్డులు, సెన్సర్లు, మోటారు వేగాన్ని మార్చే డ్రైవుల రిపేరు వైపు మనసుంటే రెండోది. ఎటూ తేల్చుకోలేకపోతే ఎలక్ట్రీషియన్‌లోనే చేరండి. ఫ్యాక్టరీల్లో ఆ ట్రేడుకు అప్రెంటిస్ సీట్లు ఎక్కువ, ఎలక్ట్రానిక్స్ తర్వాతైనా కలుపుకోవచ్చు.

ఒడిశాలో ఐటీఐ అడ్మిషన్ రాష్ట్ర ప్రభుత్వ శామ్స్ (SAMS) పోర్టల్ ద్వారా జరుగుతుంది. బరంపురం ప్రభుత్వ ఐటీఐకి మంచి పేరుంది, రాయగడలోనూ ప్రభుత్వ ఐటీఐ ఉంది. సరిహద్దు దాటి ఆంధ్ర వైపు చేరాలనుకుంటే, మీ స్థానికత పత్రాలు ఏ రాష్ట్రానివో ముందు చూసుకోండి. ప్రైవేటు ఐటీఐ అయితే మీ ట్రేడుకు కేంద్రం గుర్తింపు (ఎన్‌సీవీటీ అఫిలియేషన్) ఉందో లేదో ఫీజు కట్టకముందే తేల్చుకోవాలి. తర్వాత వర్క్‌షాప్ తలుపు తీయించి చూడండి. మోటార్ల టెర్మినల్ బాక్సుల మీద దుమ్ము పేరుకుని ఉంటే అక్కడ ప్రాక్టికల్స్ జరగడం లేదనే అర్థం.

బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు, పుస్తకంలో ఇంగ్లిష్ అని పిల్లలు టెన్షన్ పడతారు. ఐటీఐ పాఠాలకు చెన్నైలోని నిమి సంస్థ వేసే పుస్తకాలు తెలుగులోనూ ఉన్నాయి, భారత్ స్కిల్స్ సైటులో వెతకండి. డ్రాయింగులో గుర్తులు ఏ భాషవాళ్లకైనా ఒకటే. పైగా షిఫ్టులో ఒడియా, తెలుగు రెండూ మాట్లాడే కుర్రాడి మాట అందరికీ అందుతుంది, మీ విలువ అక్కడ కూడా పెరుగుతుంది.

ఒక డీఓఎల్ స్టార్టర్‌ను మీ చేత్తో కట్టండి

పని అసలు మొదలయ్యేది ఇక్కడే. డీఓఎల్ అంటే మోటారును నేరుగా లైనుకు కలిపి లేపే స్టార్టర్. 24 వోల్టుల డీసీ కాయిల్ ఉన్న ఒక కాంటాక్టర్, దానికి సరిపడే ఓవర్‌లోడ్ రిలే (మోటారు ఎక్కువ కరెంటు లాగితే ఆపేది), 24 వోల్టుల డీసీ ఇచ్చే ఎస్ఎంపీఎస్ పవర్ సప్లై, ఎరుపు, ఆకుపచ్చ పుష్‌బటన్లు కొనండి. పాతవైనా పర్వాలేదు. 24 వోల్టులే ఎందుకంటే కంట్రోల్ వైరింగ్ నేర్చుకోవడానికి ప్రాణం మీదికి తెచ్చుకోనక్కర్లేదు. ఎస్ఎంపీఎస్‌కు 230 వోల్టులు వచ్చే టెర్మినళ్ల మీద మాత్రం కవర్ తప్పకుండా ఉండాలి.

వైరు నడిచే దారి ఇది. ప్లస్ నుంచి ఫ్యూజుకు, అక్కడి నుంచి ఓవర్‌లోడ్ రిలేలో 95 నంబరు టెర్మినల్‌కు. 96 నుంచి స్టాప్ బటన్‌కు, ఇది నొక్కనప్పుడు మూసి ఉండే ఎన్‌సీ కాంటాక్ట్. స్టాప్ నుంచి స్టార్ట్ బటన్‌కు, ఇది నొక్కినప్పుడే మూసుకునే ఎన్‌ఓ. స్టార్ట్ నుంచి కాయిల్ ఏ1కు, ఏ2 నుంచి మైనస్‌కు. చివరగా కాంటాక్టర్‌లోని 13, 14 టెర్మినళ్లను (దాని ఎన్‌ఓ సహాయక కాంటాక్ట్) స్టార్ట్ బటన్‌కు పారలల్‌గా కలపండి.

స్టార్ట్ నొక్కితే టక్కుమని కాంటాక్టర్ పడుతుంది, అంటే లోపలి కాంటాక్టులు మూసుకుంటాయి. వేలు తీసినా అలాగే నిలబడుతుంది. ఇప్పుడు సప్లై ఆపి 13కు వెళ్లే వైరు తీసి మళ్లీ నొక్కండి. వేలు తీయగానే వదిలేస్తుంది. అంటే నిలబెట్టింది ఆ వైరే. దాన్ని తిరిగి కలిపి, కాంటాక్టర్ పడి ఉండగా సప్లై ఆపి మళ్లీ ఇవ్వండి. అది దానంతటది పడదు. కరెంటు పోయిందని కన్వేయర్ బెల్టు మీద చెయ్యి పెట్టిన మనిషిని కాపాడేది ఈ ఏర్పాటే. చివరగా స్టాప్ బటన్ వైరు ఊడదీసి స్టార్ట్ నొక్కి చూడండి. పడదు. స్టాప్ వైరు తెగితే మోటారు ఆగాలి, ఆపలేని స్థితి రాకూడదు. స్టాప్‌ను ఎన్‌సీగా పెట్టేది అందుకే.

‘ఈ తీగ తెగితే ఏమవుతుంది?’ అన్న ప్రశ్నను వదలకండి. ఫ్యాక్టరీ సర్క్యూట్లన్నీ ఆ ప్రశ్న వేసుకునే గీస్తారు.

ఇది చేతికొచ్చాక మోటారును రెండు వైపులా తిప్పే ఫార్వర్డ్ రివర్స్ కట్టండి. ఒక కాంటాక్టర్ ఎన్‌సీని రెండోదాని కాయిల్ దారిలో పెట్టాలి. ఆ ఇంటర్‌లాక్ లేక రెండూ కలిసి పడితే రెండు ఫేజులు షార్ట్ అవుతాయి. ఆ తర్వాత స్టార్ డెల్టా, అంటే మోటారును ముందు స్టార్ కనెక్షన్‌లో లేపి తర్వాత డెల్టాకు మార్చే స్టార్టర్. స్టార్‌లో వైండింగ్‌కు 415 బదులు 240 వోల్టులే అందుతాయి, లైన్ కరెంటు మూడో వంతుకు తగ్గుతుంది. టార్క్ కూడా అంతే తగ్గుతుంది కాబట్టి బరువు మీద లేవాల్సిన మోటారుకు ఇది పనికిరాదు.

మోటారును, మీటరును చదవడం

నేమ్‌ప్లేట్ చదవకుండా మోటారు మీద చెయ్యి వేయొద్దు. 1440 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) అని ఉంటే అది నాలుగు పోల్స్ (అయస్కాంత ధ్రువాలు) ఉన్న మోటారు. 415 వోల్టుల త్రీఫేజ్‌లో కిలోవాట్‌కు దాదాపు 2 ఆంపియర్లు అని గుర్తుంచుకుంటే, 7.5 కిలోవాట్ల మోటారు, వైరు చుట్టూ పట్టించి కరెంటు కొలిచే టాంగ్ టెస్టర్‌లో 22 ఆంపియర్లు చూపిస్తే ఏదో తేడా ఉందని అక్కడికక్కడే తెలుస్తుంది. ఇన్సులేషన్ చూడటానికి 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ నిరోధం కొలిచే మీటరు). మోటారుకు డ్రైవ్ ఉంటే కేబుల్ విప్పకుండా మెగ్గర్ పెట్టకూడదు, డ్రైవ్ పోతుంది.

డ్రైవ్ గురించి ఇంకో మాట. స్విచ్ ఆపాక కూడా లోపలి కెపాసిటర్లలో 580 వోల్టుల దాకా డీసీ నిలిచి ఉంటుంది. దాని మీద రాసిన నిమిషాలు ఆగి, మీటరుతో కొలిచాకే విప్పాలి. ఆ కొలిచే పద్ధతి కూడా ఉంది: ముందు కరెంటు ఉన్నచోట మీటరు పెట్టి పనిచేస్తోందని చూసుకోవాలి, తర్వాత పని చేయాల్సిన చోట, మళ్లీ కరెంటు ఉన్నచోట. సప్లైని విడదీసే ఐసొలేటర్‌కు మీ తాళం వేసి, తాళంచెవి మీ జేబులోనే పెట్టుకోండి. తెలిసినవాడే కదా అని ఇంకొకరి చేతికి ఇవ్వొద్దు.

ఇప్పుడు పీఎల్‌సీ

ఇక్కడిదాకా వచ్చినవాళ్లకు పీఎల్‌సీ ప్రోగ్రాం రాసే ల్యాడర్ లాజిక్ కొత్తగా అనిపించదు. ఇంటర్వ్యూలో తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: బయట స్టాప్ బటన్ ఎన్‌సీ అయితే, ప్రోగ్రాంలో ఏ కాంటాక్ట్ గీయాలి? ఎన్‌ఓ గుర్తే. నొక్కనప్పుడు ఇన్‌పుట్‌కు 24 వోల్టులు వస్తూనే ఉంటాయి, కాబట్టి ప్రోగ్రాంలో ఆ కాంటాక్ట్ నిజమై ఉంటుంది. కంప్యూటర్ మీద సిమ్యులేటర్ మాత్రమే చూసినవాళ్లు చాలామంది ఇక్కడ తడబడతారు.

సెన్సర్ల వైపు 4–20 మిల్లీఆంపియర్ల సిగ్నల్ నేర్చుకోండి. సున్నా నుంచి కాకుండా 4 నుంచి ఎందుకు మొదలవుతుందంటే, ట్యాంకు ఖాళీగా ఉన్నా 4 వస్తుంది, సున్నా వచ్చిందంటే వైరు తెగిందని తెలుస్తుంది. స్టాప్ బటన్ దగ్గర వేసుకున్న ప్రశ్నే ఇక్కడా పనికొచ్చింది.

అప్రెంటిస్, పర్మిట్

ఐటీఐ పాసయ్యాక 1961 అప్రెంటిస్ చట్టం కింద సాధారణంగా ఏడాది శిక్షణ. అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుని, మీ దగ్గరి ప్లాంట్ల నోటిఫికేషన్లు గమనిస్తూ ఉండండి. నేర్చుకునే పని ప్లాంటును బట్టి మారుతుంది. కాగితం మిల్లులో ఒక్కో రోలర్ వేగం పక్కదానితో కలవకపోతే కాగితం చిరిగిపోతుంది, అందుకే అక్కడ డ్రైవుల పని బాగా వస్తుంది. ఫెర్రో అల్లాయ్ ఫర్నేసులో వోల్టేజి తక్కువ, కరెంటు వేల ఆంపియర్లలో, కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్ పని. రిఫైనరీలో పంపులు, కన్వేయర్లు, ఇన్‌స్ట్రుమెంట్లు. రోజూ చూసిన ఫాల్టు, దాని కారణం ఒక నోట్‌బుక్‌లో డ్రాయింగుతో సహా రాయండి. ఇంకా చదవాలనుకుంటే ఐటీఐ తర్వాత డిప్లొమా రెండో ఏడాదిలో నేరుగా చేరే లేటరల్ ఎంట్రీ ఉంది.

ఎలక్ట్రికల్ పనులు చేయడానికి ఎలక్ట్రికల్ లైసెన్సింగ్ బోర్డు ఇచ్చే పర్మిట్, సొంతంగా కాంట్రాక్టు పనులకు కాంట్రాక్టర్ లైసెన్సు కావాలి. ఏ రాష్ట్రంలో పని చేయబోతున్నారో ఆ రాష్ట్రం నిబంధనలు చూసుకోండి. వీటన్నిటికీ ముందు పేరు సరిచేయించుకోండి. మనవాళ్ల ఇంటిపేరు ఒక కాగితంలో ముందు, ఇంకోదానిలో చివర, మూడోదానిలో ఒట్టి పొడి అక్షరంగా ఉంటుంది. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉన్నట్టే ఆధార్‌లోనూ, ఐటీఐ దరఖాస్తులోనూ ఉండేలా చేరకముందే చూసుకుంటే, అప్రెంటిస్ రిజిస్ట్రేషన్ నాడు ఆఫీసుల చుట్టూ తిరిగే పని తప్పుతుంది.