పాత బకాయి క్రెడిట్ రిపోర్టు నుంచి ఎప్పుడు తొలగుతుంది, తొలగించుకోవడానికి ఏం చేయాలి?

ఉప్పల్‌లో ఫ్లాట్ కొనుక్కోవడానికి మా బావమరిది గృహరుణానికి దరఖాస్తు పెట్టుకున్నప్పుడు, బ్యాంకు అధికారి అతని క్రెడిట్ రిపోర్టును బల్ల మీద మా వైపు తిప్పి, ఒక వరుస కింద పెన్నుతో గీత గీశారు. 2015లో తీసుకున్న క్రెడిట్ కార్డు, బకాయి 4,312 రూపాయలు, దాని పక్కన ‘రిటెన్ ఆఫ్’ అనే మాట. ఆ కార్డును ఫోన్‌లో చెప్పి రద్దు చేయించుకున్నానని, ఏమైనా మిగిలి ఉన్నా ఏడేళ్లు దాటాయి కనుక దానంతట అదే పోయి ఉంటుందని అతను అనుకున్నాడు. కార్డు రద్దయినట్టు అతని దగ్గర ఒక్క కాగితమూ లేదు, బకాయి మాత్రం అలాగే ఉంది.

ఏడేళ్ల మాట పూర్తిగా అబద్ధం కాదు, కానీ అది అమెరికా చట్టానికి చెందిన మాట. అక్కడ 1970 నాటి ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ యాక్ట్ ప్రకారం, వసూలు ఏజెన్సీకి అప్పగించిన బాకీని, మొదటిసారి వాయిదా తప్పిన నాటి నుంచి 180 రోజులు, ఆపైన ఏడేళ్లు గడిచాక సాధారణంగా రిపోర్టులో చూపకూడదు. మధ్యలో ఆ బాకీ ఎన్ని చేతులు మారినా గడువు మళ్లీ మొదలుకాదు. హైదరాబాద్‌లో ఇంటికొకరు అమెరికాలో ఉన్నారు కాబట్టి ఈ సంగతి ఇక్కడ కూడా చట్టమన్నట్టుగా వ్యాపించింది. మన దేశంలో 2005 నాటి క్రెడిట్ సమాచార సంస్థల చట్టం, దాని కింద 2006లో వచ్చిన నిబంధనలు చెప్పేది వేరు: సమాచారాన్ని కనీసం ఏడేళ్లు భద్రపరచాలి. అక్కడ ఏడేళ్లు గరిష్ఠ పరిమితి, ఇక్కడ కనిష్ఠ పరిమితి. అందువల్ల బకాయిని తీర్చకుండా కాలం గడిస్తే చాలునని ఎదురుచూడటం మన దగ్గర పనికిరాదు.

ముందుగా రిపోర్టులు తెప్పించుకోండి. ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హైమార్క్ అనే, మన అప్పుల చరిత్రను నమోదు చేసే నాలుగు క్రెడిట్ సంస్థలూ ఏడాదికి ఒక పూర్తి రిపోర్టును ఉచితంగా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నియమం పెట్టింది. ఒక దానిలో లేని తప్పు మరొక దానిలో ఉండవచ్చు కనుక నాలుగూ చూడటం మంచిది. 300 నుంచి 900 వరకు ఉండే స్కోరు దగ్గరే ఆగిపోకుండా, ప్రతి ఖాతా వరుసలో చివరిసారి చెల్లించిన తేదీ, మిగిలిన బకాయి, ‘రిటెన్ ఆఫ్’ లేదా ‘సెటిల్డ్’ అనే మాటలు ఉన్నాయేమో చూసి, అసలు ఆ ఖాతా మీదేనా అని పాన్ నంబరుతో సరిపోల్చుకోండి. ‘రిటెన్ ఆఫ్’ అంటే బ్యాంకు అప్పును మాఫీ చేసిందని చాలామంది పొరబడతారు. అది బ్యాంకు తన లెక్కల్లో చేసుకున్న సర్దుబాటు మాత్రమే, మీరు చెల్లించవలసిన బాధ్యత అలాగే ఉంటుంది.

బకాయి నిజమైతే అత్యంత జాగ్రత్త అవసరమైన దశ ఇదే. సగం కట్టండి, మిగతాది వదిలేస్తాం అని రికవరీ ఏజెంట్ చెప్పినప్పుడు ఎవరికైనా ఊరటగానే ఉంటుంది. కానీ అలా తేల్చుకున్న ఖాతా రిపోర్టులో ‘సెటిల్డ్’ అని నమోదవుతుంది, తర్వాత అప్పు ఇచ్చేవారు దాన్ని పూర్తిగా తీరిన అప్పుగా లెక్కించరు. స్తోమత ఉంటే మొత్తం కట్టడమే మేలని నా గట్టి అభిప్రాయం. పాతబడిన బాకీల్లో అసలు కంటే వడ్డీ, ఆలస్య రుసుములు పెరిగిపోయి ఉంటాయి కాబట్టి, వాటిని తగ్గించి, ఖాతాను పూర్తిగా తీరినట్టు నమోదు చేయమని బ్యాంకును రాతపూర్వకంగా అడగవచ్చు. అంగీకార పత్రం చేతికి వచ్చేదాకా ఒక్క రూపాయి కూడా కట్టకండి, ఏజెంట్ సొంత యూపీఐకి అసలే పంపకండి. బాకీని వేరే సంస్థకు అమ్మేసి ఉంటే, ఇప్పుడు అది ఎవరి చేతిలో ఉందో ముందు తేల్చుకోవాలి. కట్టిన వెంటనే, ఇక బకాయి ఏమీ లేదని తెలిపే నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకోండి.

మరొక సంగతి: అప్పు వసూలుకు దావా వేయడానికి 1963 నాటి కాలపరిమితి చట్టం సాధారణంగా మూడేళ్ల గడువు ఇస్తుంది. ఆ గడువు ముగిసినంత మాత్రాన రిపోర్టులోని వరుస తొలగిపోదు.

నమోదు తప్పయితే, లేదా డబ్బు కట్టినా రిపోర్టు మారకపోతే, క్రెడిట్ సంస్థ వెబ్‌సైట్‌లో ‘డిస్‌ప్యూట్’ (అభ్యంతరం) నమోదు చేసి, అదే రోజు బ్యాంకుకు కూడా రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి, ఎందుకంటే బ్యాంకు ధ్రువీకరించనిదే ఆ సంస్థ తనంతట తానుగా ఏదీ మార్చలేదు. 30 రోజుల్లో పరిష్కారం కాకపోతే ఆ తర్వాత ప్రతి రోజుకూ 100 రూపాయల పరిహారం ఇవ్వాలన్న నియమం 2024 ఏప్రిల్ 26 నుంచి అమలులో ఉంది. బ్యాంకు 21 రోజుల్లోగా సవరించిన సమాచారం పంపకపోతే బాధ్యత దానిది, పంపినా దిద్దకపోతే క్రెడిట్ సంస్థది. 30 రోజులు గడిచినా సరైన జవాబు రాకపోతే ఖాతాదారుల ఫిర్యాదులను విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు, ఇందుకోసం సైఫాబాద్‌లోని కార్యాలయం చుట్టూ తిరగనవసరం లేదు. నిజంగా జరిగిన ఆలస్యాన్ని డబ్బు తీసుకొని రిపోర్టు నుంచి చెరిపేస్తామని ఎవరైనా అంటే నమ్మకండి, సరైన సమాచారాన్ని చెరిపే అధికారం ఏ ఏజెంటుకూ లేదు.

మా బావమరిది మొత్తం కట్టి, నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకున్నాడు. నెల తర్వాత మళ్లీ తెప్పించిన రిపోర్టులో ఆ కార్డు ఎదుట బకాయి సున్నా అయింది, పాత ఆలస్యాలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. సర్టిఫికెట్ నకలును గృహరుణ దరఖాస్తుకు జతచేసి, అసలు ప్రతిని ఇంటి పత్రాలతో పాటు భద్రపరిచాడు.