ప్రోస్టేట్ రేడియేషన్‌లో వచ్చే ఇబ్బందులు: ఏది ఎందుకొస్తుంది, ఏం చేస్తే తగ్గుతుంది

శ్రీకాకుళం, విజయనగరం నుంచి ప్రోస్టేట్ క్యాన్సర్‌కి కరెంటు (రేడియేషన్) పెట్టించుకోడానికి విశాఖ వెళ్ళే పెద్దవాళ్ళు, వారానికోసారి రివ్యూలో డాక్టర్ "ఎలా ఉంది?" అని అడగ్గానే "బానే ఉందండి" అనేస్తారు. పక్కన కూతురో కోడలో ఉంటే ఇక మూత్రం మాట, విరేచనం మాట అసలు ఎత్తరు. మా నాన్నకి తోడుగా వెళ్ళినన్నాళ్ళూ ఆ వెయిటింగ్ హాల్లో నేను చూసింది ఇదే. చాలా బాధనిపించేది, ఎందుకంటే ఈ ఇబ్బందుల్లో చాలావాటికి కారణం తెలుసు, మందూ ఉంది, చెప్పడమే ఆలస్యం. అందుకని ఫైలు వెనక ఒక తెల్లకాగితం పెట్టుకుని రోజూ మూడు ముక్కలు రాయండి: రాత్రి ఎన్నిసార్లు లేచారు, విరేచనం ఎన్నిసార్లయింది, మంట గానీ రక్తం గానీ ఉందా. నోటితో చెప్పలేకపోతే ఆ కాగితం డాక్టర్ చేతికివ్వండి, సరిపోతుంది.

సిట్టింగులు కొందరికి 20, కొందరికి 35 నుంచి 40, ఈ మధ్య కొందరికి 5 మాత్రమే ఉంటున్నాయి. మామూలుగా సోమవారం నుంచి శుక్రవారం వరకు. మొదటి వారం చాలామందికి ఏమీ తెలియదు. ఎక్కువ సిట్టింగులున్నవాళ్ళకి ఇబ్బందులు రెండో మూడో వారంలో మొదలై, చివరి సిట్టింగుల దగ్గర ఎక్కువై, అన్నీ అయిపోయాక కూడా కొన్నాళ్ళుండి, తర్వాత కొన్ని వారాల్లో తగ్గుతూ వస్తాయి. కాబట్టి చివరి రోజు ఇంటికొచ్చాక ఇంకా మంట ఉందని కంగారు పడక్కర్లేదు.

"మెషీన్ మీద పడుకోబెట్టి, మళ్ళీ దింపేస్తున్నారు"

ఇది సైడ్ ఎఫెక్ట్ కాదు గానీ చాలా సైడ్ ఎఫెక్టులు తగ్గేది ఇక్కడే, అందుకే ముందు రాస్తున్నాను. ప్రోస్టేట్ మూత్రాశయానికి కింద, మలాశయానికి ముందు, రెండింటికీ ఆనుకుని ఉంటుంది. మూత్రాశయం నిండుగా ఉంటే పేగులు పైకి జరుగుతాయి, మూత్రాశయంలో కొంత భాగం కూడా కిరణాలకి దూరంగా పోతుంది. మలాశయం ఖాళీగా ఉంటే ప్రోస్టేట్ కదలకుండా ప్లాన్ చేసిన చోటే ఉంటుంది. రోజూ ముందు స్కాన్ తీసి చూసేది ఇదే. మూత్రం చాలకపోయినా, మలమో గ్యాసో నిండి ఉన్నా దింపి కాసేపు ఆగమంటారు. టెక్నీషియన్ మీద విసుక్కోకండి, మీ పేగుల్ని కాపాడ్డానికే అంత పట్టుగా ఉంటారు.

ఏం చేయాలంటే, హాస్పిటల్‌కి చేరగానే ముందు మూత్రానికి వెళ్ళి పూర్తిగా ఖాళీ చేసుకోండి. తర్వాత వాళ్ళు చెప్పినన్ని నీళ్ళు, చాలాచోట్ల ఇంచుమించు అర లీటరు, ఒకే బాటిల్‌తో కొలిచి రోజూ అంతే తాగండి. తాగిన టైము బాటిల్ మీదో అరచేతి మీదో రాసుకుని, వాళ్ళు చెప్పిన టైము, అరగంటో ముప్పావుగంటో, ఆగండి. శ్రీకాకుళం కాంప్లెక్స్‌లో బస్సెక్కినప్పటి నుంచి మూత్రం బిగబట్టుకుని విశాఖ దాకా రావడం వద్దు, అది ఒళ్ళు హూనం చేసుకోవడమే తప్ప రోజూ ఒకే కొలత రాదు. ముందురోజు నీళ్ళు సరిగ్గా తాగకపోతే ఇవాళ అర లీటరు తాగినా మూత్రాశయం త్వరగా నిండదు, ఇది చాలామందికి తెలియని సంగతి. పొద్దున్నే విరేచనం అయ్యేలా చూసుకోండి. మలబద్ధకం ఉంటే రాత్రి వేసుకునే మందు రాసిస్తారు, అడగండి. పనస, క్యాబేజీ, చిక్కుళ్ళు, శనగలు, సోడా, ఇవన్నీ గ్యాస్ పట్టేవి, ఈ కొన్ని వారాలు పక్కన పెట్టండి.

"రాత్రంతా లేవడమే, నిద్ర లేదు"

మూత్రనాళం ప్రోస్టేట్ మధ్య నుంచే వెళ్తుంది. కిరణాలకి ఆ నాళం, మూత్రాశయం మూతి దగ్గర లోపలి పొర కందిపోతాయి, అందుకే కొంచెం నిండినా వెంటనే వెళ్ళాలనిపిస్తుంది. ట్రీట్‌మెంట్‌కి ముందే ఈ బాధ ఉన్నవాళ్ళకి ఇంకాస్త ఎక్కువగా ఉంటుంది, ఆ సంగతి మొదటి రోజే చెప్పాలి.

చాలామంది చేసేది నీళ్ళు తగ్గించేయడం. అది తిరగబడుతుంది, ఎందుకంటే మూత్రం చిక్కబడి లోపల ఇంకా మండుతుంది. పగలు బాగా తాగి, పడుకునే ముందు రెండు మూడు గంటలు తగ్గించండి. టీ, కాఫీ, మద్యం మూత్రాశయాన్ని రేపుతాయి, సాయంత్రం టీ మానేసినా కొందరికి తేడా తెలుస్తుంది. దీనికి టామ్సులోసిన్ లాంటి మాత్ర రాస్తారు. అది వేసుకున్నాక మంచం మీంచి గబుక్కున లేవకండి, బీపీ పడి కళ్ళు తిరుగుతాయి, రాత్రి చీకట్లో దొడ్డివైపు వెళ్ళే పెద్దవాళ్ళు ఇలాగే పడిపోతారు. లైటు వేసి, ఒక నిమిషం కూర్చుని లేవాలి. వీలైతే మంచం పక్కనే యూరిన్ క్యాన్ పెట్టుకోండి, అందులో నామోషీ ఏమీ లేదు. షుగర్ ఉన్నవాళ్ళు షుగర్ కూడా చూపించుకోవాలి, అది పెరిగినా ఇలాగే లేపుతుంది.

"పోసేటప్పుడు మంట"

కారణం రెండు రకాలు. ఒకటి రేడియేషన్ వల్ల కందిపోవడం, రెండోది ఇన్ఫెక్షన్. చూసి చెప్పలేం, యూరిన్ టెస్టు, కల్చర్ చేయించాలి. జ్వరం, చలి వణుకు కూడా ఉంటే మర్నాటి దాకా ఆగొద్దు.

ఇక్కడ కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వాళ్ళకి, అంటే కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు వైపు వాళ్ళకి, చేతులు జోడించి ఒక మాట. కిడ్నీ జబ్బు ఉందని తెలిసినా, రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పేది) ఎక్కువని ఎప్పుడైనా చెప్పినా, రేడియేషన్ డాక్టర్‌కి ఆ రిపోర్టు తప్పకుండా చూపించండి. మంటకి మెడికల్ షాపులో నొప్పి మాత్ర అడిగి వేసుకోవద్దు, డైక్లోఫెనాక్ లాంటివి కిడ్నీని ఇంకా దెబ్బతీస్తాయి. మంట తగ్గడానికిచ్చే సిరప్‌లలో కొన్నిటిలో పొటాషియం ఉంటుంది. కొబ్బరి బొండంలోనూ అంతే. మన తోటలో కాసిందే కదా, చలవ కదా అని రోజుకి రెండు బొండాలు తాగించేస్తారు, పాడైన కిడ్నీకి ఆ పొటాషియం ప్రమాదం. రోజుకెన్ని నీళ్ళు తాగాలన్నది కూడా వీళ్ళకి డాక్టర్ చెప్పినంతే, పైన రాసింది వీళ్ళకి వర్తించదు.

"ధార సన్నగిల్లింది, ముక్కినా రావట్లేదు"

వాపు వల్ల ప్రోస్టేట్ నాళాన్ని నొక్కుతుంది. మలబద్ధకం కూడా తోడైతే మరీ కష్టం. ఇంకొకటి ఎవరూ అనుమానించనిది: జలుబు మాత్రలు. అందులో ఉండే కొన్ని మందులు మూత్రం ఆగిపోయేలా చేస్తాయి, కాబట్టి జలుబు చేసినా అడిగే వేసుకోవాలి. గంటలు గడిచినా చుక్క రాక, పొత్తికడుపు ఉబ్బి నొప్పిగా ఉంటే అది ఎమర్జెన్సీ, రాత్రయినా సరే దగ్గర్లో ఉన్న పెద్దాసుపత్రికి వెళ్ళి గొట్టం వేయించుకోవాలి. విశాఖ దాకా వెళ్దాంలే అని ఆగకండి.

"విరేచనాలు, జిగట, వెళ్ళొచ్చినా ఇంకా ఉన్నట్టే ఉంది"

మలాశయం ముందు గోడకి కిరణాలు కొంత తగలక తప్పదు, అక్కడి పొర కందితే జిగట పడుతుంది, లోపల ఏమీ లేకపోయినా వెళ్ళాలనిపిస్తుంది. అలాంటప్పుడు ముక్కుతూ కూర్చోవద్దు. నీళ్ళ విరేచనాలైతే గంజి, మెత్తగా వండిన అన్నం, పలచటి మజ్జిగ, అరటిపండు, ఓఆర్‌ఎస్. కిడ్నీ బాధ ఉన్నవాళ్ళు అరటిపండు, ఓఆర్‌ఎస్ కూడా అడిగాకే. పాలు పడకపోతే మానేయండి. మామూలు రోజుల్లో చోడి (రాగి) అంబలి ఎంత మంచిదైనా, ఆకుకూరలు, పీచు ఎక్కువున్నవాటితో పాటు దాన్ని కూడా తగ్గేదాకా ఆపడం మేలు. ఆవకాయ, పచ్చిమిరప కారం సంగతి చెప్పక్కర్లేదు. లోపెరమైడ్ లాంటి మాత్రలున్నాయి, ఎన్ని వేసుకోవాలో డాక్టర్ చెప్పాలి. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ళు ఆ సంగతి చెప్పండి, దానివల్ల కూడా విరేచనాలవుతాయి. ఆసనం దగ్గర మంటకి గోరువెచ్చని నీళ్ళ టబ్బులో పది నిమిషాలు కూర్చుంటే హాయిగా ఉంటుంది. సబ్బు రుద్దొద్దు, కడిగి మెత్తటి గుడ్డతో అద్దాలి.

చర్మానికి ఈ ట్రీట్‌మెంట్‌లో పెద్దగా ఏమీ కాదు. వదులు కాటన్ బట్టలు కట్టుకుని, అక్కడ పౌడరు, పసుపు, నూనె రాయకుండా ఉంటే చాలు. బయటి నుంచి పెట్టే కరెంటుతో ఒంట్లో రేడియేషన్ ఏమీ మిగలదు, మనవల్ని నిక్షేపంగా ఎత్తుకోవచ్చు.

"ఒంట్లో సత్తువ లేదు"

రేడియేషన్ నీరసం కొంత, రాత్రి నిద్ర లేకపోవడం కొంత, రోజూ ప్రయాణం కొంత. విజయనగరం నుంచి రోజూ వెళ్ళిరాగలరు గానీ శ్రీకాకుళం అవతల నుంచి, ఇచ్ఛాపురం టెక్కలి వైపు నుంచి అయితే విశాఖలో గది తీసుకుని ఉండటమే నయం. హార్మోన్ ఇంజెక్షన్ కూడా వేస్తుంటే ఒంట్లో ఆవిర్లు, చెమటలు, నీరసం దానివల్ల, అది వేరే లెక్క, ఎముకల బలం గురించి కూడా అడగాలి. హిమోగ్లోబిన్ చూపించుకోండి. పూర్తిగా మంచాన పడితే నీరసం పెరుగుతుంది, పొద్దున్నా సాయంత్రం ఓపికున్నంత నడవాలి. చుట్ట, బీడీ ఈ దెబ్బతో వదిలేయండి, పొగ తాగేవాళ్ళకి పేగుల ఇబ్బంది ఎక్కువగా ఉంటుంది. ఇంకొకటి, నీరసమనో, సంక్రాంతి అనో, పైడితల్లమ్మ సిరిమాను మంగళవారం వచ్చిందనో సిట్టింగ్ సొంతంగా మానొద్దు, మధ్యలో గ్యాప్ వస్తే ట్రీట్‌మెంట్ ఫలితమే తగ్గుతుంది. ఆపాలా వద్దా అన్నది డాక్టర్ తేల్చాలి.

"అంతా అయిపోయి ఏడాదైంది, ఇప్పుడు రక్తం పడుతోంది"

నెలలు, ఒక్కోసారి రెండు మూడేళ్ళ తర్వాత మలాశయం గోడలో బలహీనమైన సన్న రక్తనాళాలు చిట్లి ఇలా అవుతుంది. మొలలని ఊళ్ళో పసరు పోయించుకోవద్దు. చాలావరకు మందులతో, ఎనిమాలతో తగ్గుతుంది, తగ్గకపోతే ఎండోస్కోపీలో కాల్చి ఆపుతారు. కొలనోస్కోపీ (పెద్దపేగు లోపల గొట్టంతో చూసే పరీక్ష) ఎవరు చేసినా సరే, "ప్రోస్టేట్‌కి రేడియేషన్ అయింది" అని ముందే చెప్పి పాత ఫైలు చూపించండి. రేడియేషన్ తగిలిన ఆ ముందు గోడ నుంచి ముక్క తీస్తే పుండు మానక మూత్రాశయం వైపు చిల్లు పడే ప్రమాదం ఉంది, కాబట్టి అవసరం లేని బయాప్సీ ఉండకూడదు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పలచబరిచే మాత్రలు వాడుతుంటే చెప్పండి, మీ అంతట మీరు ఆపకండి. మూత్రంలో గడ్డలుగా రక్తం పడితే అదే రోజు వెళ్ళాలి.

భార్యతో కలవడంలో ఇబ్బంది

ఈ మాట ఎవరూ అడగరు, అడగాలి. నరాలు, రక్తనాళాలు దెబ్బతిని అంగం గట్టిపడటం ఒకటి రెండేళ్ళలో మెల్లగా తగ్గుతుంది, హార్మోన్ ఇంజెక్షన్ ఉంటే కోరిక కూడా తగ్గుతుంది. వీర్యం తగ్గిపోవడం మామూలే. సిల్డెనాఫిల్ లాంటి మందులు చాలామందికి పనిచేస్తాయి, ఎంత త్వరగా అడిగితే అంత మంచిది. కానీ గుండెకి సార్బిట్రేట్ లాంటి నైట్రేట్ మాత్ర వాడేవాళ్ళు ఇది అస్సలు వేసుకోకూడదు, బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. టామ్సులోసిన్ వాడుతున్నా చెప్పాలి, రెండూ బీపీ తగ్గించేవే, మోతాదు చూసి ఇస్తారు.