చిన్న మల్టీఫంక్షన్ ప్రింటర్‌లో కార్ట్రిడ్జ్ సులువుగా మార్చేలా డిజైన్ చేయడం ఎలా?

ప్రింటు, స్కాన్, కాపీ మూడూ ఒకే పెట్టెలో చేసే చిన్న ఇంక్‌జెట్ యంత్రాన్ని రూపొందించేవారు సాధారణంగా మొదట కాగితం నడిచే దారిని గీస్తారు. ఆ తరువాత స్కానర్ అద్దాన్ని, సర్క్యూట్ బోర్డును, పవర్ సప్లైని సర్దుతారు. ఇవన్నీ కుదిరాక మిగిలిన సందులో కార్ట్రిడ్జ్‌ను ఇరికిస్తారు. కాగితం ఇరుక్కున్న సందర్భాలను పక్కన పెడితే, వాడేవారు యంత్రం లోపల పదే పదే చెయ్యి పెట్టవలసిన చోటు అదొక్కటే. అయినా దానికే చివరి స్థానం దక్కుతోంది. ఈ వరుసను తిరగవేయాలి. చెయ్యి వెళ్ళే దారిని ముందు నిర్ణయించి, మిగతా భాగాలను దాని చుట్టూ అమర్చాలి. కింద చెప్పిన పద్ధతి అంతా ఈ ఒక్క నిర్ణయం నుంచే పుట్టింది.

చిన్న ఆఫీసులో కార్ట్రిడ్జ్ మార్చేది సర్వీసు ఇంజనీరు కాదు. మీసేవ కేంద్రంలో ఆపరేటరు, ఆడిటర్ దగ్గర గుమాస్తా, స్కూల్లో క్లర్కు ఆ పని చేస్తారు; అది కూడా ఎదురుగా మనుషులు కాగితాలు పట్టుకుని నిలబడి ఉండగా చేస్తారు. కాబట్టి డ్రాయింగు మొదలుపెట్టే ముందు, అలాంటి వారు పదిమంది ఇప్పుడున్న యంత్రాల్లో కార్ట్రిడ్జ్ మార్చడాన్ని వారి బల్ల దగ్గరే చూడండి. వారు ఒప్పుకుంటే చేతులను మాత్రమే వీడియో తీయండి. మొదట ఏ మూత తెరవబోయారు, ఎక్కడ రెండో చెయ్యి అవసరమైంది, పాత కార్ట్రిడ్జ్‌ను ఎక్కడ పెట్టారు, కొత్తదాన్ని ఎన్నిసార్లు తీసి మళ్ళీ పెట్టారు, వేళ్ళకంటిన ఇంక్‌ను దేనికి తుడిచారు అన్నవి రాసుకోండి. ఎడమచేతివాటం వారు, వయసుతో పట్టు తగ్గినవారు, రంగుల తేడా సరిగా తెలియనివారు ఆ పదిమందిలో తప్పక ఉండాలి. యంత్రం ఎలా ఉందని అడిగితే చాలామంది మొహమాటంతో బాగానే ఉందంటారు. అందుకే అడగడం కన్నా చూడడం మేలు.

కార్ట్రిడ్జ్ ఎక్కడ ఉండాలి?

మొత్తం డిజైన్‌లో అన్నిటికన్నా బరువైన నిర్ణయం ఇదే కాబట్టి దీనికి తగినంత సమయం కేటాయించండి. ప్రధానంగా రెండు దారులున్నాయి. మొదటిది, కాగితంపై అటూ ఇటూ తిరిగే క్యారేజ్ మీదనే కార్ట్రిడ్జ్‌ను కూర్చోబెట్టడం. 1984లో వచ్చిన హెచ్‌పీ థింక్‌జెట్ ఇంక్‌తో పాటు ప్రింట్‌హెడ్‌ను, అంటే కాగితంపై ఇంక్ చిమ్మే భాగాన్ని, కూడా మార్చివేసే కార్ట్రిడ్జ్‌తో వచ్చింది. హెడ్ పాడైనా కార్ట్రిడ్జ్ మారిస్తే చాలు కాబట్టి ఇంట్లో వాడే యంత్రాలకు ఆ ఏర్పాటు బాగా నప్పింది. అయితే క్యారేజ్ మోయగల బరువు పరిమితం కాబట్టి ఇంక్ తక్కువ పడుతుంది, మార్పిడి తరచుగా వస్తుంది. పైగా క్యారేజ్ స్కానర్ కిందే తిరుగుతుంది కాబట్టి చాలా నమూనాల్లో స్కానర్ భాగం మొత్తాన్ని ఎత్తితే గాని కార్ట్రిడ్జ్ చేతికి అందదు.

రెండోది, కార్ట్రిడ్జ్‌లను పెట్టె ముందు భాగంలో కదలకుండా నిలిపి, సన్నని గొట్టాల ద్వారా హెడ్‌కు ఇంక్ పంపడం. గొట్టాలు, పంపు, గాలి బుడగలు చేరకుండా చూసే ఏర్పాట్లు ఇందులో అదనపు ఖర్చు. అయినా రోజంతా నడిచే ఆఫీసు యంత్రానికి నేను దీన్నే ఎంచుకుంటాను. అందుకు ముఖ్యమైన కారణం సౌకర్యం కూడా కాదు, హెడ్ ఆరోగ్యం. పని లేనప్పుడు హెడ్ ఒక పక్కన రబ్బరు మూత కింద ఉంటేనే నాజిళ్ళలో, అంటే ఇంక్ బయటికి వచ్చే సన్నని రంధ్రాల్లో, ఇంక్ ఎండిపోకుండా ఉంటుంది. క్యారేజ్ మీద కార్ట్రిడ్జ్ ఉన్న యంత్రంలో దాన్ని మార్చాలంటే హెడ్ ఆ మూతను వదిలి బయటికి రావాలి. పైమూత తెరిచి, పాతది తీసి, కొత్తది కొనడానికి బజారుకు వెళ్ళినా, మధ్యలో కరెంటు పోయినా, హెడ్ గాలికి ఆరుతూ ఉండిపోతుంది. ముందు తలుపు ఉన్న యంత్రంలో హెడ్ తన మూత కిందే ఉండగా మార్పిడి పూర్తవుతుంది.

ఈ దారిలో వెళితే ఎత్తుల లెక్క ముందే చూసుకోండి. నాజిళ్ళ నుంచి ఇంక్ దానంతట అది కారకుండా ఉండాలంటే అక్కడ పీడనం బయటి గాలి పీడనం కన్నా కాస్త తక్కువగా ఉండాలి. కార్ట్రిడ్జ్‌లోని ఇంక్ మట్టం నాజిళ్ళ మట్టానికి కింద ఉంటే ఇది సహజంగానే కుదురుతుంది. కాబట్టి కార్ట్రిడ్జ్‌లకు సరైన చోటు కాగితం ట్రే పక్కన, పెట్టె కింది భాగంలో దొరుకుతుంది. వెడల్పు చాలుతుందా అన్నది తరువాతి ప్రశ్న. మన ఆఫీసుల్లో ఏ4తో పాటు లీగల్ సైజు కూడా నడుస్తుంది. దాని వెడల్పు 216 మి.మీ. పెట్టె వెడల్పు 400 మి.మీ. అనుకుంటే 184 మి.మీ. మిగులుతుంది. ఒక్కొక్కటి 22 మి.మీ. వెడల్పున్న నాలుగు కార్ట్రిడ్జ్‌లు, మధ్యలో మూడేసి మి.మీ. సందులతో 97 మి.మీ. తీసుకుంటాయి. మిగిలిన 87 మి.మీ.లో రెండో పక్కన హెడ్ మూత, శుభ్రం చేసే భాగం, పెట్టె గోడలు ఇమడాలి. ఇరుకే గాని సాధ్యమే. కార్ట్రిడ్జ్‌ను ఇంకో ఐదు మి.మీ. వెడల్పు చేస్తే యంత్రం 20 మి.మీ. పెరుగుతుంది, మార్పిడుల సంఖ్య తగ్గుతుంది. ఒక్కో కార్ట్రిడ్జ్‌తో ఎన్ని పేజీలు వస్తాయో ఐఎస్ఓ/ఐఈసీ 24711 అనే అంతర్జాతీయ ప్రమాణం చెప్పిన పద్ధతిలో కొలిచి, ఆ 20 మి.మీ. ఇవ్వడం లాభమో కాదో తేల్చుకోండి.

పైమూత తప్పనప్పుడు

ఖర్చు దృష్ట్యా క్యారేజ్ పద్ధతే ఎంచుకోవలసి వస్తే, మూత తెరిచినప్పుడు దొరికే ఎత్తును ముందు అంచు దగ్గర కాకుండా కార్ట్రిడ్జ్ ఉన్న చోట కొలవండి. వెనుక బందు నుంచి 340 మి.మీ. పొడవున్న స్కానర్ భాగం 30 డిగ్రీలు తెరుచుకుంటే ముందు అంచు 170 మి.మీ. లేస్తుంది, చూడడానికి ధారాళంగా తెరుచుకున్నట్టే ఉంటుంది. కాని బందుకు 140 మి.మీ. దూరంలో, సరిగ్గా క్యారేజ్ ఉన్నచోట, దొరికే ఎత్తు 81 మి.మీ. మాత్రమే. కార్ట్రిడ్జ్ పట్టుకున్న చేతికే దాదాపు 100 మి.మీ. కావాలి. 45 డిగ్రీలు తెరిస్తే అదే చోట 140 మి.మీ. వస్తుంది, కాని ముందు అంచు 240 మి.మీ. పైకి లేస్తుంది, యంత్రం మీద అల్మారా అర ఉంటే అది తగులుతుంది. ఈ చిక్కుకు నాకు తెలిసిన మంచి మార్గం ఏమిటంటే, కార్ట్రిడ్జ్‌ను నిలువుగా పైకి లాగనవసరం లేకుండా, పై అంచు వాడుకదారు వైపు వాలి, ఏటవాలుగా ముందుకు జారి బయటికి వచ్చేలా, అది కూర్చునే అరను వంచడం. ఎత్తిన స్కానర్ తనంతట తానే నిలబడాలి, దించేటప్పుడు మెల్లగా దిగాలి. ఒక చేత్తో దాన్ని మోస్తూ రెండో చేత్తో కార్ట్రిడ్జ్ తీయవలసి వస్తే ఆ డిజైన్‌ను తిరస్కరించండి.

అర, గొళ్ళెం, గాడి

అమెరికా ప్రభుత్వ కార్యాలయాలు కొనే పరికరాలకు వర్తించే సెక్షన్ 508 ప్రమాణాల్లో ఒక ఉపయోగకరమైన కొలత ఉంది: చేత్తో కదిపే భాగాలు ఒక చేత్తో, గట్టిగా పిడికిలి బిగించకుండా, వేళ్ళ కొసలతో గిల్లినట్టు పట్టుకోకుండా, మణికట్టు తిప్పకుండా, 22.2 న్యూటన్లకు మించని బలంతో కదలాలి. అంటే సుమారు రెండుంబావు కిలోల బరువు మోపినంత. గొళ్ళేనికి, తలుపుకు, కార్ట్రిడ్జ్ నొక్కడానికి ఇదే గరిష్ఠ హద్దుగా పెట్టుకుని, అందులో సగంతో పని జరిగేలా ప్రయత్నించండి.

కార్ట్రిడ్జ్ లోపలికి వెళ్ళేటప్పుడు జరిగే పనుల వరుసను కాగితం మీద రాసి, ఆ వరుస ప్రకారమే పొడవులు నిర్ణయించండి. మొదట వెడల్పైన నోరు దాన్ని దారిలో పెట్టాలి. తరువాత ఆ రంగుకు మాత్రమే సరిపోయే గాడి దాన్ని పరీక్షించాలి. ఆ పైన ఇంక్ సూది రబ్బరు బిరడాలోకి దిగాలి. చివరగా రాగి తాకుళ్ళు కలవాలి, అప్పుడే గొళ్ళెం టిక్కుమనాలి. గాడి పరీక్ష సూది కన్నా ముందే జరగడం చాలా ముఖ్యం, ఎందుకంటే సూది దిగాక తప్పు తెలిస్తే అప్పటికే రంగులు కలిసిపోయి ఉంటాయి. పొరపాటు జరిగాక హెచ్చరించడం కాకుండా జరగడానికే వీల్లేకుండా చేయాలన్నది జపాన్ ఇంజనీరు షిగెయో షింగో పోకా-యోకె పేరుతో ప్రచారంలోకి తెచ్చిన ఆలోచన. ఈ గాడి దానికి చక్కని ఉదాహరణ. రాగి తాకుళ్ళు నేరుగా ఆనకుండా ఒకటి రెండు మి.మీ. రాసుకుంటూ కలిస్తే వాటి మీది దుమ్ము, పలుచని పొర తుడిచిపెట్టుకుపోతాయి. కార్ట్రిడ్జ్ సగమే దిగితే తలుపు మూసుకోకూడదు.

చాలా రకాల కొత్త కార్ట్రిడ్జ్‌లపై గాలి రంధ్రాన్ని కప్పే పట్టీ ఉంటుంది. అది తీయకుండా పెడితే లోపలికి గాలి రాక ఇంక్ సరిగా దిగదు, ప్రింటు మసకబారుతుంది, వాడేవారు కార్ట్రిడ్జ్ చెడ్డదనుకుంటారు. పట్టీ కొసను పొడవుగా బయటికి వదిలి, అది ఉన్నంతవరకు కార్ట్రిడ్జ్ అరలోకి పోకుండా చేస్తే ఈ తప్పుకు తావుండదు.

రంగు ఒక్కటే గుర్తు కాకూడదు. నలుపుకు కె అక్షరం పెట్టడం ముద్రణ రంగంలో వారికి తెలుసు గాని క్లర్కుకు తెలియనవసరం లేదు. రంగు, ఆ రంగు పేరు, అర స్థానం, వేలితో తడిమి తెలుసుకోగల ఆకారం, ఈ నాలుగూ కలిసి ఒకే మాట చెప్పాలి. ఏది అయిపోయిందో ఆ అర పక్కనే చిన్న దీపం వెలిగితే తెర మీద బొమ్మలు వెతుక్కునే పని తప్పుతుంది.

యంత్రం చెప్పే మాటలు కూడా డిజైన్‌లో భాగమే. ఇంక్ తగ్గిందన్న సందేశం, అయిపోయిందన్న సందేశం వేరువేరుగా ఉండాలి; కొత్తది చేతిలో ఉంచుకున్నాకే పాతది తీయమని రెండోది చెప్పాలి. పసుపు ఇంక్ అయిపోయినందుకు స్కానర్ పనిచేయడం మానేయకూడదు. స్కాన్‌కు ఇంక్‌తో ఏ సంబంధమూ లేదు. మార్పిడి పూర్తవగానే ఆగిన పని ఆగిన పేజీ నుంచే కొనసాగాలి. కొత్త కార్ట్రిడ్జ్ పెట్టాక హెడ్ మూత వైపు నుంచి పీల్చి హెడ్‌లోకి ఇంక్ లాగడంలో కొంత ఇంక్ ఖర్చవుతుంది కాబట్టి, హెడ్ మూతను రంగులవారీగా విడదీసి, మారిన రంగును మాత్రమే లాగేలా ప్రయత్నించండి.

పరీక్షను థర్మోకోల్ లేదా ఫోమ్ బోర్డుతో చేసిన అసలు సైజు నమూనాతో మొదలుపెట్టి, దాన్ని గోడకు ఆనించి, పైన అర ఉన్న బల్ల మీద, వెలుతురు తక్కువైన మూలలో పెట్టి చేయండి. అసలు యంత్రం సిద్ధమయ్యాక, దాన్ని ఎన్నడూ చూడనివారికి ఏ కాగితమూ ఇవ్వకుండా, మాట సాయం చేయకుండా మార్చమనండి. పట్టిన సమయం, తప్పు అరలో పెట్టబోయిన సార్లు, వేళ్ళకు ఇంక్ అంటిందా లేదా అన్న మూడూ నమోదు చేయండి. ఖాళీ కార్ట్రిడ్జ్‌ను ఏంచేయాలో తోచక బల్ల మీద పెట్టి, మరక పడ్డాక కాగితం కోసం వెతుక్కునే దృశ్యం ఈ పరీక్షల్లో తరచుగా కనిపిస్తుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనలు ప్రింటర్లతో పాటు కార్ట్రిడ్జ్‌లను కూడా లెక్కలోకి తీసుకున్నాయి కాబట్టి, కొత్త కార్ట్రిడ్జ్ డబ్బాలోనే పాతదాన్ని వేసి మూయడానికి ఒక సంచి పెట్టండి. ముందు తలుపు లోపలి వైపును, తెరిచినప్పుడు కాస్త లోతైన పళ్ళెంలా నిలిచేలా మలచండి, సంచి తెరిచేవరకు పాతది అందులో ఉంటుంది.