కర్రీ పాయింట్ వంట – నాలుగో పాఠం: గంట తర్వాత తెరిచే డబ్బా కోసం గ్రేవీ

కిందటి పాఠంలో ధనియాలు, జీలకర్ర వేయించి పొడి కొట్టుకున్నాం. గరం మసాలా సీసాకి ఎత్తుకున్నాం. అవి సిద్ధంగా ఉంటే ఇవాళ పొయ్యి వెలిగిద్దాం. ఈ పాఠం కాస్త పెద్దది, ఓపిక పట్టండి. ఈ ఒక్క గ్రేవీ చేతికి వస్తే సాయంత్రం కౌంటర్ మీద పెట్టే కూరల్లో సగం వచ్చినట్టే.

ముందు మన కూర ఎక్కడ తింటారో చూడండి. ఇంట్లో కూర పొయ్యి మీంచి కంచంలోకి వస్తుంది. మనం ఆరున్నరకి దింపుతాం, ఏడున్నరకి కడతాం, వాళ్లు తెరిచేసరికి ఎనిమిదిన్నర. మన బరంపురం మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో రోగి పక్కన కూర్చున్నవాళ్లు చేతులు ఖాళీ అయ్యాకే తింటారు. భంజవిహార్ (బరంపురం యూనివర్సిటీ) వైపు గదుల్లో ఉండే పిల్లలు కూర తీసుకెళ్లాక అప్పుడు కుక్కర్ పెడతారు. ఆ గంటలో డబ్బాలో కూర ఇంకా ఉడుకుతుంది, చిక్కబడుతుంది, ముక్క ఉప్పు పీల్చుకుంటుంది. ఆ గంటని కూడా వంటలో లెక్కేసుకోవాలి.

ఇది నాకు ఎవరూ చెప్పలేదు. కొట్టు పెట్టిన మొదటి ఏడాది ఒక పెద్దాయన పనీర్ బటర్ మసాలా డబ్బా వెనక్కి తెచ్చి, నా ముందే మూత తీశారు. గ్రేవీ ముద్ద కట్టుకుపోయింది. పనీరు ముక్క చెంచాతో నొక్కితే రబ్బరులా తిరిగి లేచింది. "అమ్మా, సాయంత్రం మీరు రుచి చూపించింది ఇదేనా?" అన్నారు నెమ్మదిగా. అదే కూర, అదే డేగిసాలోది. నాకు మాట రాలేదు. ఆ రాత్రి నేనే ఒక డబ్బా కట్టి, గంట ఆగి తెరిచి తిన్నాను. అప్పటినుంచి కొత్త కూర ఏది చేసినా మొదటి డబ్బా నాదే.

సరే, గ్రేవీ. సుమారు మూడు లీటర్లకి ఇవి కావాలి: ఉల్లిపాయలు 2 కిలోలు, బాగా పండిన టమాటాలు కిలోన్నర, అల్లం 75 గ్రాములు, వెల్లుల్లి 100 గ్రాములు, జీడిపప్పు 150 గ్రాములు, నూనె 350 మిల్లీలీటర్లు, కారం 40 గ్రాములు, ధనియాల పొడి 40 గ్రాములు, పసుపు రెండు చెంచాలు. జీడిపప్పు గుండ్లు కొనొద్దు, ఎలాగూ రుబ్బేదే. పలాస నుంచి వచ్చే ముక్క చవకగా దొరుకుతుంది.

నూనె కాగాక ఉల్లిపాయలు, ఒక చెంచా ఉప్పు వేయండి. ఉప్పు పడితే ఉల్లిపాయ నీరు వదులుతుంది, అడుగంటదు. పావుగంట మూత పెట్టి, తర్వాత మూత తీసేసి మధ్య మంట మీద ఇంకో ఇరవై అయిదు నిమిషాలు వేయించాలి. ఇక్కడ కంటికంటే చెవి బాగా పనిచేస్తుంది. నీరు ఉన్నంతసేపూ సుయ్యిమని గట్టిగా మోగుతుంది. నీరు ఇగిరాక ఆ మోత సన్నగిల్లి, అక్కడక్కడా చిటపటలు వినిపిస్తాయి. అప్పుడే రంగు తిరగడం మొదలవుతుంది, గరిటె వదలకండి. తేనె రంగు వచ్చిందంటే చాలు. నల్లబెల్లం రంగుకి పోతే గ్రేవీ చేదెక్కుతుంది, ఆ చేదు ఎంత వెన్న వేసినా పోదు.

అల్లం వెల్లుల్లి ముద్ద వేసి పచ్చివాసన పోయేదాకా కలపండి. మంట తగ్గించి, గుప్పెడు నీళ్లు చిలకరించాకే పొడులు వేయండి. వేడి నూనెలో పొడిగా పడిన కారం క్షణంలో మాడిపోతుంది. ఆ తర్వాత టమాటాలు. ఇవి మెత్తబడటానికి పది నిమిషాలు చాలు గానీ, అక్కడ ఆపితే పచ్చిపులుపు ఉండిపోతుంది. అంచుల్లో నూనె తేలేదాకా ఆగండి. వానాకాలంలో పులుపు ఎక్కువైతే అర చెంచా పంచదార వేయొచ్చు. టమాటా ధర మండిపోతున్న రోజుల్లో చింతపండుతో సరిపెడదామని కొందరు చూస్తారు. ఈ గ్రేవీకి అది నప్పదు, పులుసు వాసన వస్తుంది. ఆ రోజుల్లో ఒక కూర తగ్గించి చేయడమే నయం.

అంతా పూర్తిగా చల్లారాక, వేడినీళ్లలో అరగంట నానిన జీడిపప్పుతో కలిపి రుబ్బండి. వేడిగా ఉన్నప్పుడు మిక్సీలో వేసి మూత బిగిస్తే ఆవిరికి మూత ఎగిరి మొహం మీద పడుతుంది. రుబ్బినదాన్ని మళ్లీ పొయ్యెక్కించి, లీటరు వేడినీళ్లు పోసి, సన్నమంట మీద పది నిమిషాలు ఉడకనివ్వండి.

నా డబ్బాలో గ్రేవీ ఎందుకు ముద్దయిందంటే, జీడిపప్పులో పిండిపదార్థం ఉంది. ఉడికేటప్పుడు అది నీరు తాగి ఉబ్బుతుంది, చల్లారేకొద్దీ ఇంకా బిగుస్తుంది. కాబట్టి దింపేటప్పుడు కూర మీ మనసుకి నచ్చినదానికంటే పల్చగా ఉండాలి. గరిటెతో ఎత్తి పోస్తే తీగలా జారాలి. మొదట్లో నీళ్లకూర అమ్ముతున్నానేమోనని భయమేస్తుంది, గంట ఆగి చూసుకోండి.

మిగిలిన గ్రేవీని డేగిసాలోనే వదిలేయకండి. లోతు గిన్నెలో నడిమధ్య భాగం గంటల తరబడి గోరువెచ్చగానే ఉంటుంది, పాడయ్యేది అక్కడే. వెడల్పాటి పళ్లాల్లో పల్చగా పోసి, త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టండి. వేడిగా ఉంచే వంటకం 60 డిగ్రీలకు పైన, చల్లగా ఉంచేది 5 డిగ్రీలకు లోపల ఉండాలి. ఒక చిన్న థర్మామీటర్ కొనుక్కోండి, ఆ ఖర్చు దండగ కాదు.

ఇక ఈ గ్రేవీతో కూరలు. పనీర్ బటర్ మసాలాకి లీటరు గ్రేవీలో 50 గ్రాముల వెన్న, గ్లాసు వేడినీళ్లు, చివర్లో కాస్త మీగడ, అరచేతిలో నలిపిన కసూరీ మేతి. పనీరు వేయించకండి. ఉప్పు వేసిన గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు ఉంచి, పొయ్యి కట్టేశాక కూరలో వదలండి, డబ్బాలోని వేడి దానికి చాలు. కోడిగుడ్డు కూరకి మీగడ వద్దు, మిరియాల పొడి కావాలి. గుడ్లకి నాలుగు గాట్లు పెట్టి, పసుపు కారం వేసిన నూనెలో దొర్లించి, ఇంకాస్త పల్చని గ్రేవీలో వేయండి. ఆలూ మటర్‌కి బంగాళాదుంపని ఉప్పునీళ్లలో ఉడికించి, కత్తిమొన కొంచెం పట్టేటప్పుడే దింపేయండి. ఆ మిగిలిన పలుకు డబ్బాలో పోతుంది. చికెన్‌కి పాఠం వేరే పెడతాను.

మన ఊళ్లో ఇంకో సంగతి తెలియాలి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడిగా ఏర్పడేదాకా మన గంజాం జిల్లా మద్రాసు కిందే ఉండేది. అందుకే ఇక్కడ ఒకే కౌంటర్ ముందు సాంబారు అడిగేవాళ్లూ దాల్మా (కూరగాయలు వేసి వండే ఒడియా పప్పు) అడిగేవాళ్లూ పక్కపక్కనే నిలబడతారు. వాళ్ల పండగల క్యాలెండర్ మన కొట్టు క్యాలెండర్ కూడా. కార్తీకంలో చాలా ఇళ్లల్లో నీచు ముట్టరు. చివరి అయిదు రోజులు, పంచుక అంటారు, చేపలు మానలేనివాళ్లు కూడా మానేస్తారు. ఆ వారం గుడ్లు తక్కువ తెచ్చుకోండి. పౌర్ణమి మర్నాడు ఛాడఖాయి, అంటే మళ్లీ నీచు మొదలుపెట్టే రోజు, ఆ రోజు మాంసం ఎంత చేసినా మిగలదు. మార్గశిర గురువారాలు లక్ష్మీపూజ, మాణబసా అంటారు. ఆ రోజు ఉల్లి, వెల్లుల్లి తగలని కూర కావాలి.

దానికి రెండో గ్రేవీ: టమాటాలు 2 కిలోలు, అల్లం 50 గ్రాములు, జీడిపప్పు 200 గ్రాములు, పుచ్చగింజల పప్పు 50 గ్రాములు, ఇంగువ, కాస్త సోంపు పొడి. గిన్నె, గరిటె, మిక్సీ జారు వేరుగా ఉంచండి. రోజూ ఉల్లి రుబ్బే జారులోనే కడిగి వేసేస్తే ఎవరికీ తెలియకపోవచ్చు. కానీ మన మాట నమ్మి పూజ రోజున ఇంటికి తీసుకెళ్తున్నారు. ఆ నమ్మకాన్ని వమ్ము చేయకూడదు.

కట్టడం గురించి రెండు మాటలు. మరుగుతున్న కూరని పల్చటి ప్లాస్టిక్ కవర్లో పోసి రబ్బరు బ్యాండు వేయడం మానేయండి. వేడికి తట్టుకునే పీపీ (పాలీప్రొపిలీన్) డబ్బా అడగండి, అడుగున ముక్కోణంలో 5 అంకె ఉంటుంది. ఇంటినుంచి స్టీలు క్యారియర్ తెచ్చేవాళ్లకి నేను రెండు రూపాయలు తగ్గించి, అర గరిటె ఎక్కువ పోస్తాను. వేపుళ్లని ఆవిరి పోయాకే మూత పెట్టండి, లేకపోతే బెండకాయ జిగురెక్కిపోతుంది.

ఈ వారం మీరు చేయాల్సిన పని: పై మూడు కూరల్లో ఒకటి వండి, రెండు డబ్బాలు కట్టండి. ఒకటి వెంటనే, ఇంకోటి గంట తర్వాత తినండి. ఉప్పు, చిక్కదనం, ముక్క, మూత తీయగానే వచ్చిన వాసన, నాలుగూ పుస్తకంలో రాసుకోండి. మర్నాడు నీళ్లు, ఉప్పు మార్చి మళ్లీ అదే కూర చేయండి. మూడోసారికి మీ కొలత మీకు దొరుకుతుంది.

వచ్చే పాఠం దాల్మా. నేను మొదటిసారి చేసినప్పుడు చింతపండు పిండి, ఆవాలు కరివేపాకు పోపు పెట్టాను. మా పక్కింటి ఒడియా మావుసీ ఒక ముద్ద తిని, "పప్పు బాగుందమ్మా, దాల్మా ఎప్పుడు చేస్తావు?" అన్నారు. కందిపప్పు, పచ్చి బొప్పాయి, అరటికాయ, గుమ్మడికాయ, కంద తెచ్చి పెట్టుకోండి. పోపుకి జీలకర్ర, ఆవాలు, మెంతులు, సోంపు, నల్లజీలకర్ర, ఈ అయిదూ విడివిడిగా కొనండి. పంచఫుటన అని కలిపి అమ్మే పొట్లాల్లో ఒక్కోసారి మెంతులు ఎక్కువ పడతాయి, పోపు చేదెక్కుతుంది.