ఫ్రిజ్ ఆన్ అయితే పడవ దారి తప్పేది

ఆటోపైలట్ (దిక్కు చూసుకుని తనే చుక్కాని తిప్పే యంత్రం) నడుపుతుంటే గంటకు రెండు మూడుసార్లు నా తెరచాప పడవ ఉన్నట్టుండి 20 డిగ్రీలు పక్కకి తిరిగేది. కాసేపటికి తనంతట తానే దారిలోకి వచ్చేది. ముందు చుక్కాని తిప్పే మోటారుని అనుమానించి మొత్తం విప్పేశాను. పాపం, దాని తప్పేం లేదు.

ఒక రాత్రి కింద పడుకుని ఉంటే దొంగ దొరికాడు. ఫ్రిజ్ కంప్రెసర్ మొదలైన ప్రతిసారీ పడవ తిరుగుతోంది! చేతి దిక్సూచిని ఆటోపైలట్‌కి దిక్కు చెప్పే ఎలక్ట్రానిక్ దిక్సూచి (ఫ్లక్స్‌గేట్ కంపాస్) పక్కన పెట్టి ఫ్రిజ్ ఆన్ చేస్తే ముల్లు పక్కకి తిరిగిపోయింది. కంపాస్ బిగించిన చెక్క వెనకే, 5 సెంటీమీటర్ల దూరంలో, ఫ్రిజ్ పాజిటివ్ వైరు ఒంటరిగా పోతోంది. నెగెటివ్ ఎక్కడో అవతలి వైపు. 5 ఆంపియర్ల కరెంటుకి ఆ దూరంలో 20 మైక్రోటెస్లాల అయస్కాంత క్షేత్రం పుడుతుంది. దిక్సూచిని నడిపే భూమి అయస్కాంత క్షేత్రంలో నేలకి సమాంతరంగా ఉండే భాగం చాలాచోట్ల 20 నుంచి 40 మధ్యే. ఇక పడవ ఎవరి మాట వింటుంది?

రెండు వైర్లనీ కలిపి పురి పెట్టాను. ఎదురెదురు కరెంట్లు కాబట్టి ఒకదాని క్షేత్రాన్ని మరొకటి కొట్టేస్తుంది. కంపాస్‌ని మీటరు దూరం జరిపి, నిలకడ నీటిలో మెల్లగా గుండ్రంగా తిరుగుతూ అది తన తప్పుల్ని సరిదిద్దుకునేలా మళ్లీ క్యాలిబ్రేట్ చేశాను. (క్యాలిబ్రేషన్ కదలని ఇనుముకే మందు, వచ్చిపోయే కరెంటుకి కాదు.)

వీహెచ్ఎఫ్ రేడియోలో (పడవల మధ్య మాట్లాడుకునే రేడియో) మాట్లాడితే చుక్కాని ఉలిక్కిపడడం వేరే జబ్బు. ఆటోపైలట్ కంట్రోల్ బాక్స్ వైర్లకు రేడియో అలజడిని అణిచే ఫెరైట్ రింగులు తగిలించి, యాంటెన్నా కేబుల్‌ని దూరం జరిపితే చాలావరకు తగ్గింది.