గాలాపగోస్‌లో పిట్టగూళ్లు పరిశీలించే ముందు

ఈక్వడార్ దేశపు గాలాపగోస్ దీవుల్లో, ఫించ్ పిట్టల గూళ్లలో ఫిలోర్నిస్ డౌన్సీ అనే ఈగ పురుగులు 1997లో తొలిసారి కనిపించాయి. వాటి కోసం వెతికేవాళ్లకు ఈ జాగ్రత్తలు:

- నేషనల్ పార్క్ అనుమతి లేకుండా గూటి జోలికి పోవద్దు.
- దీవి మారేముందు బూట్లు, సంచులు దులపాలి.
- పెద్ద ఈగ రక్తం తాగదు, కుళ్లిన పండ్ల వంటివే దాని తిండి. పిల్లపురుగులే రాత్రిళ్లు కూనల రక్తం పీల్చి, పగలు గూటి అడుగున నక్కుతాయి. పైపైన చూసి ఏమీ లేదనుకుంటే మోసపోతారు. కూనల ముక్కురంధ్రాలూ చూడండి, బుల్లి పురుగులు ముందు అక్కడే చేరతాయి.
- పెర్మెత్రిన్ పురుగుమందు గూటి అడుగుకే, కూనల మీద పడకూడదు. చేతితొడుగులు తప్పనిసరి.
- కూనలు ఎగిరిపోయాక తీసిన గూడును సంచిలో బిగించి కట్టండి. అందులో మిగిలిన ప్యూపాల్లోంచి (పురుగు ఈగగా మారే గుళ్లలోంచి) ఈగలు వస్తాయి.
- ఇసబెలా దీవిలోని అతి అరుదైన మడఅడవి ఫించ్ గూడైతే, కొత్తవాళ్లు చేయి పెట్టకపోవడమే మేలు.