రిక్రూటర్ ఫోన్ చేసే ముందు చూసేవి

మాదాపూర్‌లో ఒక కన్సల్టెన్సీలో ఆరేళ్లు రిక్రూటర్‌గా చేశాను. ఈమధ్య మా తమ్ముడు కంపెనీ మారదామని వెతుకుతున్నాడు. రెజ్యూమే బాగానే ఉంది, కాల్స్ మాత్రం రావట్లేదు. ఒక ఆదివారం ఇద్దరం లాప్‌టాప్ ముందు కూర్చున్నాం.

ముందు ఇన్‌కాగ్నిటో విండో (మన లాగిన్‌లు లేకుండా తెరుచుకునే బ్రౌజర్ విండో) తెరిచి, వాడి పేరూ కాలేజీ పేరూ కలిపి గూగుల్‌లో కొట్టాం. పేరొక్కటే కొడితే అదే పేరున్నవాళ్లందరూ వచ్చేస్తారు. ఫేస్‌బుక్‌లో ఇంటర్ రోజుల్లో హీరోల ఫ్యాన్స్ గొడవల్లో వాడు రాసిన తిట్లు ఇంకా పబ్లిక్‌గానే ఉన్నాయి. సెట్టింగ్స్‌లో 'లిమిట్ పాస్ట్ పోస్ట్స్' నొక్కితే పాత పబ్లిక్ పోస్టులన్నీ ఒకేసారి ఫ్రెండ్స్‌కి మాత్రమే కనపడేలా మారిపోతాయి. ఇతరుల పోస్టుల కింద పెట్టిన కామెంట్లకు ఇది పనిచేయదు. యాక్టివిటీ లాగ్‌లోకి వెళ్లి అవి విడిగా తీసేయాల్సిందే. మాకు రెండు గంటలు పట్టింది.

అసలు చిక్కు ఇంకోచోట ఉంది. ఉద్యోగాల సైటు నౌక్రీలోని వాడి ప్రొఫైల్‌లో ఉద్యోగం మొదలైంది 2021 జూన్ అని, లింక్డ్‌ఇన్‌లో జనవరి అని ఉంది. వాడేం అబద్ధం ఆడలేదు. ట్రైనింగ్ నెలలు ఒకచోట కలిపాడు, ఇంకోచోట కలపలేదు, అంతే. కానీ ఇలా తేడా కనిపిస్తే నేను ఆ ప్రొఫైల్ పక్కన పెట్టేసేదాన్ని. ఫోన్ చేసి అడిగే తీరిక ఉండేది కాదు. అలా ఎంతమంది నిజాయితీపరులను వదిలేశానో తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. అందుకే గట్టిగా చెబుతున్నాను: ఆఫర్ లెటర్, రిలీవింగ్ లెటర్ (ఉద్యోగం మానేసేటప్పుడు కంపెనీ ఇచ్చేది) ముందు పెట్టుకుని తేదీలు, హోదా, కంపెనీ పేరు స్పెల్లింగ్ అన్నిచోట్లా ఒకేలా దిద్దండి.

లింక్డ్‌ఇన్‌లో ఉద్యోగం వెతుకుతున్నామని తెలిపే 'ఓపెన్ టు వర్క్' పెట్టేటప్పుడు ఉద్యోగంలో ఉన్నవాళ్లు 'రిక్రూటర్స్ ఓన్లీ' ఎంచుకోండి. ఫొటో చుట్టూ ఆకుపచ్చ చట్రం రాదు. అయినా మీ ఆఫీసుకు తెలియదని లింక్డ్‌ఇన్ పూర్తి హామీ ఇవ్వదు, అది గుర్తుంచుకోండి. నౌక్రీ ప్రొఫైల్‌ని రెండు మూడు రోజులకోసారి తెరిచి ఏదో ఒకటి సరిచేస్తూ ఉండండి. ఈమధ్య యాక్టివ్‌గా ఉన్నవాళ్లనే మేం ముందు వెతికేవాళ్లం. ట్రూకాలర్‌లో మీ పేరు ఎలా వస్తోందో కూడా ఒకసారి చూసుకోండి.

రెజ్యూమేలో ఆధార్, పాన్ నంబర్లు, ఇంటి నంబరు వద్దు. ఊరి పేరు, ఫోన్, ఈమెయిల్ చాలు.

ప్రొఫైల్ కొత్తగా కనపడగానే మోసగాళ్ల కాల్స్ కూడా మొదలవుతాయి. మూడో రోజే మావాడికి ఒకటి వచ్చింది: ఇంటర్వ్యూ అక్కర్లేదు, రిజిస్ట్రేషన్‌కి 2,500 కట్టమని. వాడు టెన్షన్‌తో నాకు ఫోన్ చేశాడు, కట్టొద్దన్నాను. ఎవరైనా పొరపాటున కట్టేస్తే సిగ్గుపడి దాచుకోకండి, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. స్క్రీన్‌షాట్లు, యూపీఐ లావాదేవీ నంబరు దగ్గర పెట్టుకోండి.